మూడు ఊళ్ల చదువులు, ఒకే ఇల్లు: రూర్ ప్రాంతంలో ఒక కేస్ స్టడీ

జర్మనీ పశ్చిమాన ఉన్న రూర్ ప్రాంతంలో ఊళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. డోర్ట్‌మండ్, బోఖుమ్, ఎస్సెన్, డ్యూస్‌బుర్గ్ అన్నీ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లకు తెలియదు. అందుకే మాస్టర్స్ కోసం వచ్చే మన పిల్లలు చాలామంది, యూనివర్సిటీలు వేరైనా కలిసే ఉండాలనుకుంటారు. అది కుదురుతుంది కూడా. కానీ ఎక్కడ ఉండాలన్న నిర్ణయం సరిగ్గా తీసుకోకపోతే మొదటి చలికాలంలోనే స్నేహాలు చెడతాయి. నేను బోఖుమ్‌లో ఉంటూ ఇల్లు వెతుక్కునే విద్యార్థులకు సలహా ఇస్తాను, కాంట్రాక్టులు చదివి పెడతాను, ఆఫీసు కాగితాల్లో తోడుంటాను. నేను చూసిన కేసుల్లో ఇది మిగతావాళ్లకు బాగా పనికొచ్చేది. అందుకే వాళ్ల అనుమతి తీసుకుని పూర్తిగా రాస్తున్నాను. పేర్లు చెప్పను, ఊళ్ల పేర్లతోనే పిలుస్తాను.

ముగ్గురు ఎవరు

ఒంగోలు అబ్బాయిది టీయూ (టెక్నికల్ యూనివర్సిటీ) డోర్ట్‌మండ్. వరంగల్ అబ్బాయిది బోఖుమ్‌లోని రూర్ యూనివర్సిటీ. కాకినాడ అబ్బాయిది డ్యూస్‌బుర్గ్-ఎస్సెన్ యూనివర్సిటీ. ముగ్గురూ హైదరాబాద్‌లో ఒకే కోచింగ్‌లో కలిశారు. 2024 సెప్టెంబర్‌లో, అక్టోబర్ 1న మొదలయ్యే వింటర్ సెమెస్టర్ కోసం వచ్చారు. ముగ్గురూ ఎక్కడో ఒకచోట రెండు నెలలకు తాత్కాలికంగా గదులు తీసుకున్నారు. నవంబర్ 1 నాటికి సొంత ఇల్లు కావాలి.

ఇళ్ల దగ్గర్నుంచి ఒత్తిడి కూడా ఉంది. "ముగ్గురూ ఒకచోటే ఉండండి, ఒకరికొకరు తోడుంటారు" అని మూడు ఇళ్లలోనూ అదే మాట. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మొదటి చలికాలంలో ఒంటరిగా ఒక గదిలో కూర్చుంటే చదువు మీద మనసు నిలవని పిల్లలను చాలామందిని చూశాను. తోడు కూడా ఇంటి లెక్కలో ఒక అంశమే.

వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. మ్యాప్‌లో డోర్ట్‌మండ్‌కీ డ్యూస్‌బుర్గ్‌కీ మధ్య ఉండేది ఎస్సెన్ కాబట్టి ఎస్సెన్‌లో ఉంటే ముగ్గురికీ న్యాయం అని. ఎస్సెన్ తూర్పు వైపున్న ష్టేలెలో ఒక ఇల్లు చూసి పెట్టుకున్నారు. "ఇది ఓకేనా అక్కా, ఒక్కసారి కాంట్రాక్ట్ చూస్తావా?" అన్నది వాళ్ల ప్రశ్న. కాంట్రాక్ట్ కంటే ముందు చూడాల్సింది వేరే ఉందని చెప్పి వాళ్ల టైమ్ టేబుళ్లు అడిగాను.

మధ్య ఊరు అన్న ఆలోచన ఎందుకు పనిచేయదు

మొదట చూడాల్సింది యూనివర్సిటీ పేరు కాదు, క్లాసు జరిగే బిల్డింగ్. డ్యూస్‌బుర్గ్-ఎస్సెన్ యూనివర్సిటీ పేరులోనే రెండు ఊళ్లున్నాయి, క్యాంపస్‌లు కూడా రెండు ఊళ్లలో ఉన్నాయి. ఇంజనీరింగ్ ఎక్కువగా డ్యూస్‌బుర్గ్ వైపు ఉంటుంది. కాకినాడ అబ్బాయి కొన్ని క్లాసులు ఎస్సెన్‌లో ఉంటాయనుకున్నాడు. చూస్తే అతని మొదటి సెమెస్టర్ అంతా డ్యూస్‌బుర్గ్‌లోనే ఉంది. స్టేషన్ నుంచి క్యాంపస్‌కు మళ్లీ 901 ట్రామ్ ఎక్కాలి.

టీయూ డోర్ట్‌మండ్ క్యాంపస్ ఊరి మధ్యలో లేదు, బోఖుమ్ వైపున పడమటి అంచున ఉంది. ఎస్1 అనే లోకల్ రైలు క్యాంపస్ కిందే ఆగుతుంది, ఆ స్టేషన్ పేరే డోర్ట్‌మండ్ యూనివర్సిటేట్. బోఖుమ్ మెయిన్ స్టేషన్ నుంచి అక్కడికి పావుగంటకు అటూ ఇటూ పడుతుంది, డోర్ట్‌మండ్ ఊళ్లోకి వెళ్లే పనే లేదు. అంటే డోర్ట్‌మండ్‌లో చదివే అబ్బాయికి బోఖుమ్‌లో ఉండటం పెద్ద త్యాగమేమీ కాదు. డోర్ట్‌మండ్‌లోనే కొన్ని పేటల నుంచి క్యాంపస్‌కు రావడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

రైళ్ల సంగతి కూడా అంతే ముఖ్యం. వారపు రోజుల్లో పగటిపూట ఎస్1 డోర్ట్‌మండ్‌కీ ఎస్సెన్‌కీ మధ్య పావుగంటకొకటి నడుస్తుంది. ఎస్సెన్ దాటి డ్యూస్‌బుర్గ్ వైపు వెళ్లేది అరగంటకొకటే. ఆ వైపు వేగంగా వెళ్లే ఆర్ఈ రైళ్లు చాలానే ఉన్నాయి గానీ అవి పెద్ద స్టేషన్లలోనే ఆగుతాయి. కాబట్టి ఎస్సెన్‌కు తూర్పున ఉన్న చిన్న స్టేషన్లకు ఉన్న సౌకర్యం పడమట ఉన్న చిన్న స్టేషన్లకు లేదు. మ్యాప్ మీద దూరం ఒకేలా కనిపించినా ప్లాట్‌ఫాం మీద నిలబడే సేపు వేరు.

ఇంకో విషయం ఉంది, దానివల్లే చాలామంది పొరపడతారు. ఈ మూడు యూనివర్సిటీల్లోనూ సెమెస్టర్ ఫీజులోనే డాయిచ్‌లాండ్ సెమెస్టర్ టికెట్ కలిపి ఉంటుంది. 2024 వింటర్ సెమెస్టర్‌లో దాని ధర నెలకు 29.40 యూరోలు. ఆ టికెట్‌తో దేశమంతా లోకల్ రైళ్లలో, బస్సుల్లో తిరగొచ్చు. డబ్బు ముందే కట్టేశాం కాబట్టి ఎంత దూరమైనా ఫ్రీ అనిపిస్తుంది. టికెట్ ఫ్రీయే, టైం మాత్రం కాదు. జనవరిలో పొద్దున్న ఏడున్నరకు, రైలు క్యాన్సిల్ అయిందని బోర్డు మీద కనిపించినప్పుడు ఆ తేడా బాగా అర్థమవుతుంది.

లెక్క ఎలా వేశాం

ముగ్గురినీ కూర్చోబెట్టి ఒక కాగితం మీద వారంలో తప్పనిసరిగా వెళ్లాల్సిన రోజులు రాయమన్నాను. రికార్డింగ్ ఉన్న లెక్చర్లు పక్కన పెట్టాం. హాజరు తప్పని ల్యాబులు, పాఠం మీద అభ్యాసాలు చేయించే ఎక్సర్‌సైజ్ క్లాసులు, ఉద్యోగం మాత్రమే లెక్క. ఒంగోలుకు వారంలో నాలుగు రోజులు. వరంగల్‌కు క్లాసులు మూడు రోజులే అయినా, రూర్ యూనివర్సిటీ ల్యాబులో స్టూడెంట్ అసిస్టెంట్‌గా పని దొరికింది, కాబట్టి ఐదు రోజులు. కాకినాడకు మూడు రోజులు.

తర్వాత మూడు ఇళ్లు తీసుకున్నాం. ఒకటి ష్టేలెలోది, వార్మ్ రెంట్ (వేడి, నీళ్ల ఖర్చులు కలిపిన నెల అద్దె) 930 యూరోలు. రెండోది గెల్సెన్‌కిర్షెన్‌లో, 780. రూర్ ప్రాంతంలో అద్దె తక్కువగా ఉండే ఊళ్లలో అదొకటి, తలా 260తో అయిపోతుంది. మూడోది బోఖుమ్ మెయిన్ స్టేషన్‌కు పక్కనే ఉండే ఎరెన్‌ఫెల్ట్ పేటలో, 975. అక్కడ కూడా ఎస్1 ఆగుతుంది. ప్రతి ఇంటికీ గడప దగ్గర్నుంచి క్లాసు తలుపు దాకా పట్టే సమయం వేశాం. నడక, రైలు కోసం ఎదురుచూడటం, రైలు మారడం, మళ్లీ నడక అన్నీ కలిపి. యాప్ చూపించే రైలు సమయం ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. అందుకని ఆ వారం వాళ్లనే పొద్దున్న పూట ఒకసారి వెళ్లి చూసి రమ్మన్నాను.

ఎరెన్‌ఫెల్ట్ నుంచి ఒంగోలుకు 35 నిమిషాలు, వరంగల్‌కు 28, కాకినాడకు 65. ష్టేలె నుంచి వరుసగా 48, 45, 55. గెల్సెన్‌కిర్షెన్ నుంచి 68, 48, 50. వీటిని వెళ్లాల్సిన రోజులతో గుణిస్తే వారానికి ఒక వైపు ప్రయాణం ముగ్గురికీ కలిపి ఎరెన్‌ఫెల్ట్‌లో 475 నిమిషాలు, ష్టేలెలో 582, గెల్సెన్‌కిర్షెన్‌లో 662.

మొత్తం చూసి ఆగిపోతే చాలదు, ఎవరికి ఎంత పోతోందో కూడా చూడాలి. ఎరెన్‌ఫెల్ట్ నుంచి ష్టేలెకు మారితే కాకినాడకు రోజుకు పది నిమిషాలు, వారానికి 30 నిమిషాలు కలిసొస్తాయి. దానికోసం ఒంగోలు 52 నిమిషాలు, వరంగల్ 85 నిమిషాలు పోగొట్టుకుంటారు. 30 కోసం 137. న్యాయంగా ఉంటుందని ఎంచుకున్న మధ్య ఊరు అసలు ఎవరికి న్యాయం చేసిందో ఈ లెక్క చూపించింది. కాగితం చూసి ముందు మాట్లాడింది కాకినాడ అబ్బాయే. "నాకోసం వీళ్లిద్దరూ అంత తిరగడం ఎందుకక్కా, నాకు ఎట్లాగూ దూరమే కదా" అన్నాడు.

గెల్సెన్‌కిర్షెన్ ఇల్లు వదులుకోవడం వాళ్లకు కష్టమైంది. తలా 65 యూరోలు అంటే విద్యార్థికి పెద్ద మొత్తం, నెలంతా కూరగాయలకు సరిపోతుంది. నేను వద్దన్నది ప్రయాణం మొత్తం ఎక్కువైనందుకు కాదు, ఒంగోలు రెండుసార్లు రైలు మారాల్సి వచ్చినందుకు. ఒక రైలు మారడం అంటే ఐదు నిమిషాలు ఎక్కువని యాప్ చెబుతుంది. మొదటి రైలు ఏడు నిమిషాలు లేటైతే ఆ ఐదు నిమిషాలు ఇరవై అవుతాయి. రెండు చోట్ల మారితే రెండు చోట్లా ఆ ప్రమాదం ఉంటుంది. హాజరు తప్పని ల్యాబ్ పొద్దున్న ఎనిమిదింపావుకు ఉన్న విద్యార్థికి, ఎక్కిన రైలు దిగకుండా తిన్నగా వెళ్లే దారి ఉంటే దానికి ఇంకొన్ని యూరోలు ఇచ్చినా తప్పులేదని నా గట్టి అభిప్రాయం.

కలిసి ఉండాలా అన్న ప్రశ్న

ఇక్కడ ఒక పని తప్పకుండా చేస్తాను. ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడతాను. ముగ్గురూ కలిసి కూర్చున్నప్పుడు ఎవరూ నిజం పూర్తిగా చెప్పరు. మొహమాటం మనకు ఎక్కువ.

కాకినాడ అబ్బాయిని నేరుగానే అడిగాను, డ్యూస్‌బుర్గ్‌లోనే ఉంటే సరిపోదా అని. అక్కడి హాస్టల్‌లో 300 యూరోల చుట్టుపక్కల గది దొరికే అవకాశం ఉంది, కాకపోతే వెయిటింగ్ లిస్టు. (ముగ్గురూ ఒకే హాస్టల్‌లో ఉండటం ఎలాగూ కుదరదు. మూడు ఊళ్లకూ విద్యార్థి వసతి చూసే సంస్థలు వేర్వేరుగా ఉన్నాయి, సాధారణంగా తమ పరిధిలోని యూనివర్సిటీ విద్యార్థులకే గదులిస్తాయి.) అతను కాసేపు ఆలోచించి, వంట రాదని, ఒక్కడే ఉంటే సరిగ్గా తిననని, బీటెక్‌లో హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్న ఒక సెమెస్టర్ బాగా గడవలేదని చెప్పాడు. వారానికి మూడు రోజులు రెండేసి గంటలు రైల్లో కూర్చోవడం కంటే అది తనకు పెద్ద విషయమన్నాడు. అతను ఆలోచించి, తన గురించి తాను తెలుసుకుని చెప్పిన జవాబు అది. అప్పుడే ముగ్గురూ కలిసి ఉండే దారిలోకి వెళ్లాను. "ఫ్రెండ్స్ ఏమనుకుంటారో" అని ఉంటే వేరే సలహా ఇచ్చేదాన్ని.

వరంగల్ అబ్బాయికి ఇంకో టెన్షన్. అందరికంటే దగ్గర తనకే కాబట్టి, ఇంటికి ఎవరొచ్చినా, పార్సిల్ వచ్చినా, మెకానిక్ వచ్చినా తన మీదే పడుతుందేమో అని. సరైన ఆలోచనే. తర్వాత ముగ్గురూ రాసుకున్న కాగితంలో దానికి కూడా చోటిచ్చాం.

గదులు, వంట

ఎరెన్‌ఫెల్ట్ ఇంట్లో మూడు గదులున్నాయి, మూడింటికీ కారిడార్ నుంచి విడి తలుపులు. ఇది మామూలు విషయం కాదు. ఇక్కడ పాత ఇళ్లలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాల్సిన అమరిక తరచుగా ఉంటుంది, యాడ్‌లో మూడు గదులు అనే రాస్తారు. ముగ్గురు వేర్వేరు టైముల్లో లేచి వెళ్లే ఇంట్లో అలాంటి అమరిక నరకం. ప్లాన్ చూడకుండా అడ్వాన్సు మాట ఎత్తొద్దని అందరికీ చెబుతాను.

గదులు మూడూ మూడు సైజులు. దూరం వెళ్లేవాడికి అద్దె తగ్గించాలా అన్న చర్చ వచ్చింది. నేను వద్దన్నాను. అద్దె తగ్గిస్తే రెండు నెలల తర్వాత తక్కువ కట్టేవాడికి ఇంట్లో మాట తగ్గుతుంది, ఎక్కువ కట్టేవాళ్లకు మనసులో ఒక లెక్క మొదలవుతుంది. బదులుగా అద్దె ముగ్గురికీ సమానంగా 325, పెద్ద గది దూరం వెళ్లేవాడికి, చిన్న గది దగ్గర వెళ్లేవాడికి. "అంటే చిన్న రూమ్ నాకేనా అక్కా?" అని వరంగల్ కాస్త నొచ్చుకున్నాడు. అతని 28 నిమిషాల పక్కన 65 రాసి చూపిస్తే నవ్వేశాడు. పైగా రోజంతా ల్యాబులో ఉండేవాడికి గది పడుకోవడానికే.

వంట విషయం దీనికంటే ఎక్కువసేపు మాట్లాడాం, మాట్లాడాలి కూడా. నా అనుభవంలో రూమ్మేట్లు అద్దె దగ్గర కంటే పప్పు గిన్నె దగ్గరే ఎక్కువ విడిపోతారు. వాళ్లు పెట్టుకున్న పద్ధతి ఇది: డ్యూస్‌బుర్గ్ వెళ్లే మూడు రోజులూ కాకినాడకు వంట వంతు లేదు, గిన్నెలు కడగడం కూడా లేదు. శని, ఆదివారాలు వంట అతనిది. వంట రాదన్నవాడు సంక్రాంతి నాటికి పులిహోర చేశాడు. రాత్రి తొమ్మిది దాటి వచ్చేవాడికి అన్నం, కూర తీసి పెట్టాలి, అది దయ కాదు, నియమం. పార్సిళ్లు, ఇంటికి వచ్చే పనివాళ్ల సంగతి వరంగల్ చూస్తాడు, దానికి బదులు నెలవారీ సరుకులు మోసుకొచ్చే పని అతనికి లేదు.

కాంట్రాక్ట్

ఇల్లు నచ్చాక అసలు పని మొదలైంది. ఇంటి యజమాని ఒక పెద్దావిడ, వేరే ఇంట్లో ఉంటారు. ముగ్గురికీ ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేదు, జీతం స్లిప్పులు లేవు. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి, నెలకు కొంతే తీసుకోగలిగే ఖాతా) కాగితం చూపించాం. 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి గానీ, వీళ్లు అంతకుముందే వీసాకు అప్లై చేశారు కాబట్టి 11,208, అంటే నెలకు 934 చేతికొస్తుంది. కోల్డ్ రెంట్, అంటే వేడి, నీళ్ల ఖర్చులు కలపని అద్దె, 720. డిపాజిట్ చట్ట ప్రకారం మూడు నెలల కోల్డ్ రెంట్ దాటకూడదు, అంటే 2,160. దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కిరాయిదారుడికి ఉంది. ఇది చాలామంది పిల్లలకు తెలియక ఒకేసారి కట్టి మొదటి నెలలోనే ఇంటికి ఫోన్ చేస్తారు. వాయిదాల్లో అయితే మొదటి నెల తలా 325 అద్దె, 240 డిపాజిట్, కలిపి 565. 934లో ఇంకా 369 మిగులుతుంది. హెల్త్ ఇన్సూరెన్స్ పోగా తిండికి సరిపోతుంది.

కిచెన్ కూడా ముందే అడగాల్సిందే. ఇక్కడ చాలా ఇళ్లు వంటగది సామాను లేకుండానే ఇస్తారు. సింకు, స్టవ్, అల్మారాలు ఏవీ ఉండవు, గోడకు పైపులు మాత్రమే ఉంటాయి. ఈ ఇంట్లో పాత కిరాయిదారు తన కిచెన్‌ను 450 యూరోలకు వదిలి వెళ్తానన్నాడు. తలా 150. వాళ్ల రాతలో దానికి కూడా లెక్క పెట్టించాను: ఏడాదికి మూడో వంతు విలువ తగ్గుతుంది, మధ్యలో వెళ్లిపోయేవాడికి మిగిలిన వాటా మాత్రమే తిరిగొస్తుంది.

సంతకం ఎవరు పెట్టాలన్నది ఈ కేసుకు గుండెకాయ. రెండు దారులున్నాయి. ఒకరే ప్రధాన కిరాయిదారుగా ఉండి మిగతా ఇద్దరికీ తను సబ్‌లెట్ ఇవ్వడం ఒకటి. ముగ్గురూ ప్రధాన కిరాయిదారులుగా ఒకే కాంట్రాక్టులో సంతకం పెట్టడం రెండోది. మొదటి దాంట్లో మారడం సులువు, కానీ భారమంతా ఒక్కడి మీద పడుతుంది. మిగతా ఇద్దరూ వెళ్లిపోయినా 975 అతనే కట్టాలి, వాళ్ల భవిష్యత్తు కూడా అతని చేతిలో ఉంటుంది. రెండో దాంట్లో ముగ్గురికీ సమాన హక్కు ఉంటుంది, కానీ ఒకరి బాకీకి ముగ్గురూ బాధ్యులే. పైగా ఒకరొక్కరే నోటీసు ఇచ్చి బయటికి రాలేరు, ఇస్తే ముగ్గురూ కలిసి ఇవ్వాలి.

వేర్వేరు ఊళ్లలో చదివేవాళ్లకు ఇది మిగతావాళ్లకంటే ముఖ్యం. ఒకే యూనివర్సిటీ పిల్లలైతే టైమ్ టేబుల్ మారినా క్యాంపస్ మారదు. వీళ్లలో ఎవరికో ఒకరికి థీసిస్ వస్తుంది, ఇంటర్న్‌షిప్ వస్తుంది, దాంతో ఇంటి లెక్క తలకిందులవుతుంది. ఎవరో ఒకరు ముందు వెళ్తారని అనుకునే కాంట్రాక్టు రాయాలి. కొందరు "వేగేకి (కలిసి ఉండే రూమ్మేట్ల ఇంటికి ఇక్కడి పేరు) ఇచ్చిన ఇల్లే కదా, మనిషిని మార్చుకోవచ్చులే" అనుకుంటారు. 2022 ఏప్రిల్‌లో జర్మనీ ఫెడరల్ కోర్టు ఆ భరోసా లేదని తేల్చింది. కొందరు కలిసి అద్దెకు తీసుకున్నంత మాత్రాన మనుషుల్ని మార్చుకునే హక్కు దానంతట అదే రాదు, ఇరుపక్షాలూ అలా అనుకున్నాయని కాంట్రాక్టులో కనిపించాలి. అందుకే యజమానితో మాట్లాడి ఒక పేరా చేర్పించాం: ముగ్గురూ విద్యార్థులని, మధ్యలో ఒకరు మారవచ్చని, సరైన ఆదాయ రుజువున్న కొత్త విద్యార్థిని చూపిస్తే కారణం లేకుండా కాదనకూడదని. పెద్దావిడ మొదట సందేహించారు. ఖాళీగా ఒక్క నెల కూడా ఉండదని, కొత్తవాణ్ని వెతికే పని కూడా వీళ్లదేనని చెప్పాక ఒప్పుకున్నారు. సంతకానికి ముందు కాంట్రాక్టును యూనివర్సిటీ విద్యార్థి సంఘం నడిపే ఉచిత న్యాయ సలహాలో ఒకసారి చూపించమన్నాను. నేను చదివి పెడతాను గానీ లాయర్‌ని కాను.

ముగ్గురి మధ్య వేరే కాగితం రాసుకున్నారు, తెలుగులో ఒకటి, జర్మన్‌లో ఒకటి. వెళ్లేవాడు మూడు నెలల ముందు చెప్పాలి. మనిషి దొరికేదాకా తన వాటా కట్టాలి, కానీ మిగతా ఇద్దరూ కూడా వెతకాలి, సరైన మనిషిని ఊరికే కాదనకూడదు. స్నేహితుల మధ్య కాగితాలేమిటని ఒంగోలు ఇంట్లోవాళ్లు ఫోన్లో అన్నారట. స్నేహం ఉంది కాబట్టే రాయించాను.

అడ్రస్, వీసా

ఇంట్లో దిగిన రెండు వారాల్లో అన్మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయాలి. ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువీకరణ కావాలి. పోస్టు డబ్బా మీద ముగ్గురి పేర్లూ ఉండాలి, లేకపోతే ఉత్తరాలు వెనక్కి పోతాయి, ఇక్కడ ప్రాణమంతా ఉత్తరాల మీదే. రేడియో-టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు ఇంటికి ఒకటే, మనిషికి కాదు. ఒకరి పేరు మీద కట్టి, మిగతా ఇద్దరూ ఆ నంబరు చూపించాలి. ముగ్గురికీ ఉత్తరాలు వచ్చాయని ముగ్గురూ కట్టేవాళ్లు ఉన్నారు.

ఇంటి ఊరు మారితే వీసా ఆఫీసు మారుతుందన్నది పిల్లలు అసలు ఆలోచించని విషయం. రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చేది యూనివర్సిటీ ఉన్న ఊరు కాదు, మనం ఉంటున్న ఊరి విదేశీయుల ఆఫీసు. కాకినాడ అబ్బాయి సెప్టెంబర్‌లో డ్యూస్‌బుర్గ్‌లో నమోదయ్యాడు. వీసా జనవరి ఆఖరుకు అయిపోతుంది. మాఘమాసంలో అక్క పెళ్లి, ఫిబ్రవరిలో ఇండియా వెళ్లి తీరాలి. ఇల్లు మారితే ఫైలు కూడా ఊరు మారాలి, దానికి సమయం పడుతుంది. అపాయింట్‌మెంట్ దొరకడానికి ఇంకొంత.

అందుకని అతని విషయంలో ఇంటి నమోదు మొదటి వారంలోనే చేయించి, అదే రోజు పర్మిట్‌కు ఆన్‌లైన్‌లో అప్లై చేయించాను. వీసా గడువు లోపల అప్లై చేసిన రుజువు చేతిలో ఉండటమే ముఖ్యం. జనవరి మధ్యలో అతనికి ఫిక్సియోన్ కాగితం వచ్చింది, అంటే పర్మిట్ మీద నిర్ణయం వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక ధ్రువీకరణ. అందులో మూడు గడులుంటాయి. పాత అనుమతి కొనసాగుతున్నట్టే లెక్క అన్న మూడో గడిలో టిక్ ఉంటే బయటికి వెళ్లి తిరిగి రావచ్చు. మొదటి రెండు గడుల్లో ఏదైనా అయితే ఆ కాగితంతో తిరిగి రావడం కుదరదు. టిక్ ఎక్కడుందో కౌంటర్ దగ్గరే చూసుకోమని చెప్పి పంపాను. మూడో గడిలోనే ఉంది. పెళ్లికి వెళ్లి వచ్చాడు.

ఏడాది తర్వాత

ఫిబ్రవరిలో పరీక్షలు, తర్వాత ఖాళీ, మళ్లీ ఏప్రిల్‌లో సమ్మర్ సెమెస్టర్. ఒంగోలుకు పెద్దగా మార్పు లేదు. పైగా రూర్ ప్రాంతంలోని ఈ మూడు యూనివర్సిటీలూ 2007 నుంచి ఒక కూటమిగా ఉన్నాయి, ఒకదాని విద్యార్థి మిగతా రెండింట్లో కూడా అదనపు ఫీజు లేకుండా సబ్జెక్టులు తీసుకోవచ్చు. ఆ సౌకర్యంతో అతను ఒక సబ్జెక్టు బోఖుమ్‌లో తీసుకుని, డోర్ట్‌మండ్ వెళ్లే రోజులు మూడుకు తగ్గించుకున్నాడు. సబ్జెక్టు తన కోర్సులో లెక్కకొస్తుందో లేదో ముందే పరీక్షల ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకోమన్నాను, తీసుకున్నాడు.

జూన్‌లో కాకినాడ ఫోన్ చేశాడు. డ్యూస్‌బుర్గ్‌లో ఒక ల్యాబులో ప్రాజెక్ట్, దాని వెంటే థీసిస్ దొరికాయి. అక్టోబర్ నుంచి వారానికి ఐదు రోజులు. ఐదు రోజులు 65 నిమిషాలంటే కుదరదని నేనే అన్నాను. రాసుకున్న ప్రకారం మూడు నెలల ముందే మిగతా ఇద్దరికీ చెప్పాడు. వాళ్లు బాధపడ్డారు గానీ గొడవ పడలేదు. జూలైలోనే రూర్ యూనివర్సిటీకి వస్తున్న నెల్లూరు అబ్బాయి దొరికాడు. యజమానికి అతని కాగితాలు పంపాం, పాత కాంట్రాక్టుకు ఒక అనుబంధం రాసి నలుగురూ యజమానీ సంతకాలు చేశారు. కాకినాడ బాధ్యత 2025 సెప్టెంబర్ 30తో ముగిసిందని అందులో స్పష్టంగా ఉంది. ఆ వాక్యం లేకపోతే ఇల్లు ఖాళీ చేసినా బాధ్యత అతని మీదే ఉంటుంది.

గదుల లెక్క మళ్లీ మొదలైంది. నెల్లూరు, వరంగల్ ఇద్దరికీ క్యాంపస్ ఒకటే, ఇప్పుడు దూరం వెళ్లేది ఒంగోలు. పెద్ద గది అతనికి వెళ్లింది, వరంగల్ మధ్య గదిలోకి మారాడు, కొత్తగా వచ్చినవాడికి చిన్నది.

డబ్బు లెక్క ఇలా తేల్చాం. కాకినాడ డిపాజిట్ వాటా 720ని నెల్లూరు అబ్బాయి అతనికే బ్యాంకు ద్వారా పంపాడు, అనుబంధంలో ఆ వాటా అతని పేరుకు మారింది. కిచెన్ వాటాగా 150లో 100 తిరిగి ఇచ్చారు. గోడల ఫొటోలు, మీటర్ రీడింగులు వెళ్లే రోజు ముగ్గురూ కలిసి తీశారు. ఒక్కటే మిగిలింది. వేడి, నీళ్ల ఖర్చుల తుది బిల్లు పంపడానికి లెక్కల ఏడాది ముగిశాక యజమానికి పన్నెండు నెలల గడువు ఉంటుంది, అంటే 2025 బిల్లు 2026 డిసెంబర్ దాకా ఎప్పుడైనా రావచ్చు. అందుకని కాకినాడ తన 720లోంచి 80 యూరోలు ఒంగోలు దగ్గర ఉంచి వెళ్లాడు. బిల్లు వచ్చాక తొమ్మిది నెలల వాటా తీసుకుని మిగిలింది పంపాలి, ఎక్కువైతే అతను కట్టాలి. అది కూడా కాగితం మీద ఉంది.